గుమ్మటం చుట్టుకొలత, గాజు చుట్టుకొలత: సింగపూర్ ఇస్లామిక్ కట్టడాలు, స్త్రీల చేతి నగలు

చారిత్రక ఇస్లామిక్ కట్టడాల స్ఫూర్తితో చేసిన నగలు అనగానే గుమ్మటం ఆకారపు లోలకు, మినారును తలపించే చెవి జూకా, తోరణం అచ్చులో పోసిన పతకం కళ్లముందు మెదులుతాయి. పర్యాటకులు ఎక్కువగా వచ్చే సింగపూర్ లాంటి నగరంలో అలాంటి వస్తువులకు గిరాకీ ఉండడం సహజం. చూడగానే ఫలానా మసీదు అని గుర్తుపట్టగలిగిన వస్తువు త్వరగా అమ్ముడుపోతుంది. కానీ ఈ నగల చరిత్రను ఆకారాల జాబితాగా రాస్తే రెండు విషయాలు చేజారిపోతాయి. మసీదు గోడ మీద పనిచేసిన చేయి ఒక వెడల్పును సమభాగాలుగా ఎలా పంచింది, ఒకే నమూనాను తిప్పి తిప్పి ఎలా వాడింది, రాతిని తొలిచి వెలుతురును ఎలా రానిచ్చింది, విలువలేని ముక్కలను చేర్చి మెరుపును ఎలా పుట్టించింది అన్నది మొదటిది. పూసలు గుచ్చడం, రాళ్లు పొదగడం, చిన్న ముక్కలను లెక్క తప్పకుండా పేర్చడం లాంటి ఆ తరహా పనులే చాలాచోట్ల స్త్రీల వంతుకు వచ్చాయన్నది రెండోది. రెండింటినీ కలిపి చూస్తే ఈ నగలు చేసే స్త్రీలు ఇస్లామిక్ వాస్తుశిల్పాన్ని ఈమధ్యే కనుగొని స్ఫూర్తి పొందినవారుగా కాక, ఆ శిల్పం నడిచిన పద్ధతికి పాత వారసులుగా కనిపిస్తారు. సింగపూర్ మసీదులు, అక్కడి నగల సంప్రదాయం, హైదరాబాద్ లక్క గాజులు, కాబూల్ పాతబస్తీలోని ఒక పాఠశాల ఈ మాటకు ఆధారాలు.

1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫిల్స్ సుల్తాన్ హుస్సేన్ షాతో ఒప్పందం చేసుకున్నాక, 1822 నాటి నగర ప్రణాళికలో కంపుంగ్ గ్లామ్ ప్రాంతం సుల్తాను పరివారానికి, అరబ్, బుగిస్ వర్తకులకు దక్కింది. 1824లో మొదలుపెట్టి 1826 నాటికి పూర్తిచేసిన తొలి సుల్తాన్ మసీదుకు కంపెనీ 3,000 డాలర్ల సాయం చేసింది. నేడు కనిపించేది ఆ కట్టడం కాదు. పాతది శిథిలమవుతుండగా, నమాజుకు అంతరాయం రాకుండా విడతల వారీగా కట్టి 1932లో పూర్తిచేసిన కొత్త మసీదు ఇది. నమూనా గీసినవాడు స్వాన్ అండ్ మెక్లారెన్ సంస్థకు చెందిన డెనిస్ శాంట్రీ, ఐర్లాండ్‌లోని కార్క్‌లో పుట్టిన వాస్తుశిల్పి. బంగారు వన్నె గుమ్మటాల మీదికే ఎవరి చూపైనా ముందు పోతుంది. నగల చరిత్రకు పనికొచ్చే అసలు ఆనవాలు ఆ గుమ్మటాల మొదట్లో ఉంది. అక్కడ నల్లని పట్టీలా కనిపించేది గాజు సీసాల అడుగుభాగాల వరస. మసీదు నిర్మాణానికి సొమ్ము ఇవ్వలేని పేద ముస్లింలు సీసాలు పోగుచేసి ఇచ్చారు. ధనికుల విరాళంతోపాటు వారి వంతు కూడా కట్టడంలో చేరాలని ఆ సీసాలను గుమ్మటం చుట్టూ పొదిగారు. 1975లో ఈ మసీదును జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు. ఆ పట్టీని నగలు చేసేవారి కళ్లతో చూడాలి. వాడి పారేసిన ఒక వస్తువును ఎంచుకున్నారు. దాదాపు ఒకే కొలత ఉన్న ముక్కలను ఏరారు. ఒక వలయం చుట్టూ అంచుకు అంచు తాకేలా పేర్చారు. మొదలైన చోటికి తిరిగి వచ్చేసరికి సందు మిగలకూడదు, ముక్క ఎక్కువ కాకూడదు. పూసల పేరు గుచ్చేవారికి, గాజుకు రాళ్లు పొదిగేవారికి రోజూ ఎదురయ్యే చిక్కు ఇదే. గుమ్మటం వంపును లోలకుగా దించడం కన్నా ఈ పట్టీ చెప్పే లెక్కను నేర్చుకోవడం మసీదుకు ఎక్కువ దగ్గరగా వెళ్లడమని నా అభిప్రాయం.

సింగపూర్‌లోని తక్కిన పాత ముస్లిం కట్టడాలు కూడా ఇలా నగల పనికి అక్కరకొచ్చే వివరాలతో నిండి ఉన్నాయి. లిటిల్ ఇండియాలో డన్‌లప్ వీధిలోని అబ్దుల్ గఫూర్ మసీదును 1907లో మొదలుపెట్టి 1927 ప్రాంతంలో పూర్తిచేశారు. పేరు షేక్ అబ్దుల్ గఫూర్ బిన్ షేక్ హైదర్ అనే, ఒక న్యాయవాద సంస్థలో పెద్ద గుమాస్తాగా పనిచేసిన వ్యక్తిది. దాని ముఖద్వారం పైన సూర్యబింబం నుంచి 25 కిరణాలు విచ్చుకుంటాయి. ఒక్కో కిరణం మీద ఒక్కో ప్రవక్త పేరు అందమైన అరబిక్ అక్షరాల్లో ఉంటుంది. వృత్తాన్ని 24 భాగాలు చేయడం సులువు. వృత్తలేఖినితో ఆరు చేసి, వాటిని సగం, మళ్లీ సగం చేస్తే చాలు. 25 అలా రాదు. ముందు వృత్తాన్ని అయిదుగా పంచాలి, ఆపైన ఒక్కో భాగాన్ని మళ్లీ అయిదు చేయాలి, ఆ రెండో మెట్టులో కంటి అంచనా, సర్దుబాటు తప్పవు. తెలోక్ అయర్ వీధిలో 1828–1830 మధ్య చూలియాలు, అంటే కోరమండల్ తీరం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు కట్టిన నాగూర్ దర్గాలో కింద యూరప్ తరహా స్తంభాలు, పైన సన్నని తొలిచిన కటకటాలు ఉంటాయి. ఇక బీచ్ రోడ్డులోని హజ్జా ఫాతిమా మసీదు ఈ వ్యాసానికి మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని కట్టించింది ఒక స్త్రీ. మలక్కాలో పుట్టిన వర్తకురాలు హజ్జా ఫాతిమా బింతె సులేమాన్ తన ఇల్లు రెండుసార్లు దోపిడీకి గురై, ఒకసారి నిప్పంటించినా ప్రాణాలతో బయటపడినందుకు కృతజ్ఞతగా ఆ స్థలంలోనే మసీదు కోసం సొమ్ము వెచ్చించింది. 1845–46లో పూర్తయిన ఆ మసీదు మినారు చర్చి శిఖరంలా ఉంటుంది, కొద్దిగా ఒక పక్కకు ఒరిగి కూడా ఉంటుంది. 1973లో దానికి జాతీయ స్మారక హోదా వచ్చింది. సింగపూర్‌లో ఒక మసీదు స్త్రీ పేరుతో నిలిచిందంటే ఆమె సొమ్ము పెట్టింది గనుక. పనిచేసిన చేతులకు ఆ వసతి ఎక్కడా లేదు. నగల విషయంలోనూ ఈ తేడానే పట్టి చూడాలి.

ఇస్లామిక్ అలంకరణలో ఉన్న జ్యామితి ఎలా నడిచిందో చెప్పే ఆధారాలు తక్కువే అయినా గట్టివి. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవన సంగ్రహంలో ఒక పొడవైన కాగితపు చుట్ట ఉంది. అందులోని 114 నమూనాలు ఇటుక, పెంకు, గచ్చు పనివారు వాడుకోవడానికి గీసినవి. కళాచరిత్రకారిణి గుల్రూ నెజిపోగ్లూ 1995లో దాన్ని సవివరంగా ప్రచురించారు. సాధారణంగా మొత్తం గోడ బొమ్మ అందులో ఉండదు. తిరిగి తిరిగి వాడుకోగల ఒక తునక ఉంటుంది, దాన్ని అద్దంలోలా తిప్పి పరిస్తే గోడ నిండుతుంది. 2007లో పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రజ్ఞులు ఇస్ఫహాన్‌లోని దర్బ్-ఇ ఇమామ్ మందిరం (1453) గోడ నమూనాను పరిశీలించి, అయిదు రకాల బహుభుజి పలకలతో అంత క్లిష్టమైన అల్లికను సాధించవచ్చని చూపారు. కొద్దిపాటి పలకలు చేతిలో ఉంటే, ఎలా కలపాలో తెలిస్తే, ఎంత పెద్ద గోడనైనా నింపవచ్చు. మేస్త్రీకి అందరికన్నా ఎక్కువ గణితం తెలియాల్సిన అవసరం లేదు, తునక చేతికి అలవాటైతే చాలు. చిన్న ఉపరితలం మీద పనిచేసే నగల పనివారికి ఇంతకన్నా అనువైన విద్య లేదు. సింగపూర్‌లో ఈ ఆలోచన పాత కట్టడాలతో ఆగలేదు. సెంబావాంగ్‌లో ఫోరమ్ ఆర్కిటెక్ట్స్ రూపొందించగా 2004లో పూర్తయిన అస్సియాఫా మసీదుకు గుమ్మటం లేదు. లతల అల్లిక నమూనాలో తొలిచిన తెరలే దాని గుర్తు. గుమ్మటం లేకుండానే మసీదు మసీదులా కనిపించగలిగినప్పుడు, గుమ్మటం బొమ్మ లేకుండా దాని స్ఫూర్తిని మోసే నగ ఎందుకు ఉండకూడదు?

సింగపూర్‌లో నగలు ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు ఆ ఊరి జనాభా అంత మిశ్రమంగా ఉంటుంది. కంపుంగ్ గ్లామ్‌లో ఒక భాగాన్ని కంపుంగ్ ఇంతాన్ అనేవారు. దక్షిణ బోర్నియోలోని బంజార్ ప్రాంతం నుంచి వచ్చిన వజ్రాల వర్తకులు, సానపట్టేవారు అక్కడ ఉండేవారు. 1720లలో బ్రెజిల్ గనులు బయటపడే వరకు లోకానికి వజ్రాలు అందించిన చోట్లు ప్రధానంగా రెండు: ఒకటి గోల్కొండ రాజ్యంలో కృష్ణా తీరపు గనులు, రెండోది బోర్నియో. తెలుగువారికి కొల్లూరు పేరు ఎంత పరిచయమో, ఆ దీవుల్లో బోర్నియో ఏటి గులకల వజ్రాలు అంత పరిచయం. కింద చదునుగా, పైన చిన్న ముఖాలతో సానపట్టిన ఈ వజ్రాలను మలయ్ కుటుంబాల స్త్రీలు, వలస వచ్చినవారు స్థానికులతో కలిసి ఏర్పడిన జావి పెరనాకన్, చైనా పెరనాకన్ కుటుంబాల స్త్రీలు కెబాయా అనే పై అంగీ ముందు అంచులను కలిపే కెరొసాంగ్ పిన్నుల్లో ధరించారు. మూడింటి జతలో పెద్దదాన్ని తల్లి అనీ, తక్కిన రెండింటినీ పిల్లలనీ పిలిచేవారు. వాటిని చేసినవారిలో చైనా కంసాలులు, దక్షిణ భారత కంసాలులు, సిలోన్ నుంచి వచ్చినవారు ఉన్నారు. ఎడ్మండ్ చిన్ 1991లో ఈ నగలపై వెలువరించిన గిల్డింగ్ ద ఫీనిక్స్ అనే పుస్తకం ఆ మిశ్రమాన్ని పాఠకుల ముందు పెట్టింది. అదంతా మగవారి కార్ఖానా. కొలిమి, కమ్మచ్చు, పట్టకారు, టంకం ఉన్న చోటికి శిష్యరికానికి మగపిల్లలనే పంపేవారు. స్త్రీలకు దక్కిన భాగం పూసల పని. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద, యూరప్ నుంచి వచ్చిన ఆవగింజంత గాజు పూసలను సూదితో ఒక్కొక్కటిగా గుచ్చి చెప్పుల పైభాగాలు, పర్సులు, గోడకు వేలాడే పట్టీలు చేసేవారు. సింగపూర్‌లోని పెరనాకన్ మ్యూజియంలో పెనాంగ్ నుంచి వచ్చిన ఒక బల్లగుడ్డ ఉంది, దానిలో పది లక్షలకు పైగా పూసలు ఉన్నాయి. గళ్ల మీద లెక్కపెట్టి రంగు మార్చుతూ పోయే ఆ పనికీ, గోడ మీద పలకలు పేర్చే పనికీ మధ్య ఉన్న బంధుత్వాన్ని చూడడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. అయినా మ్యూజియాల్లోనూ పుస్తకాల్లోనూ చాలాకాలం బంగారపు పని నగల కింద, పూసల పని ఇంటి ముచ్చట కింద వేరు వేరు అరల్లో ఉండిపోయాయి. ఆ గీత సామగ్రి ధరను బట్టి గీసినదే తప్ప, పనిలోని తెలివిని బట్టి గీసినది కాదు.

ఈ వాదనకు పూర్తి రూపం చూడాలంటే హైదరాబాద్ రావాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ నుంచి పడమటికి సాగే లాడ్ బజారులో లక్క గాజులు తరతరాలుగా అమ్ముతున్నారు. నగరానికి ఈ గాజులు చార్మినార్ అంత గుర్తు. లక్క పురుగు స్రవించిన జిగురును శుభ్రం చేసి, కుంపటి వేడిమీద కరిగించి, పొడులు, రంగు కలిపి ముద్దచేస్తారు. దాన్ని సన్నగా చుట్టి, కొలతకు తెగ్గోసి, కొసలు అతికి, కొయ్య అచ్చు మీద గుండ్రంగా సరిచేస్తారు. కుంపటి దగ్గరి పని ఎక్కువగా మగవారిది. ఆ తరవాత పాతబస్తీ ఇళ్లలో స్త్రీలు గాజును మళ్లీ కొద్దిగా వేడిచేసి, లక్క మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో రాళ్లు, అద్దపు ముక్కలు, పూసలు ఒక్కొక్కటిగా అద్దుతారు. లక్క చల్లబడితే రాయి పట్టదు, ఎక్కువ వేడెక్కితే ఆకారం చెడుతుంది. ఇక కొలత సంగతి. 2-4 సైజు గాజు లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు, 2-6కు రెండు అంగుళాల ఆరు పదహారవ వంతులు, 2-8కు రెండున్నర. అంటే ఒక సైజు పెరిగితే చుట్టుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లోపలి కొలతలు చూస్తే 2-4కు దాదాపు 180, 2-6కు 190, 2-8కు 200 మిల్లీమీటర్లు. పైముఖం కొలత గాజు మందాన్ని బట్టి ఇంకాస్త ఎక్కువ. పది మిల్లీమీటర్లు పట్టే ఒక పువ్వును ఎరుపు, తెలుపు రంగుల్లో మార్చి మార్చి పొదగాలనుకుందాం. 2-4లో 18 పూలు సరిగ్గా పడతాయి. 2-8లో 20 పడతాయి. 2-6లో 19 పడతాయి, అప్పుడు మొదలు, చివర కలిసేచోట రెండు ఎరుపులు పక్కపక్కన వస్తాయి. కనుక పొదిగే స్త్రీ పువ్వును కాస్త వెడల్పు చేసి 18కి దించాలి, లేదా కాస్త కుదించి 20కి పెంచాలి. ఆ తేడా చూసేవారికి తెలియకూడదు. గుమ్మటం కింద సీసాల పట్టీ పేర్చిన మనిషి, వృత్తాన్ని 25 కిరణాలుగా పంచిన మనిషి ఎదుర్కొన్న చిక్కు ఇదే. దాన్ని ఆమె కాగితం, వృత్తలేఖిని లేకుండా, చల్లారిపోతున్న లక్క మీద, డజన్ల లెక్కన పరిష్కరిస్తుంది. ఇదే నగరంలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611 నాటి రంగు పెంకుల చిత్తరువులు ఉన్నాయి. చిన్న ముక్కలను కోసి, అంచులు కలిపి, ఒక్క నిండు రూపంగా నిలబెట్టిన పని అది. లక్క గాజుల స్త్రీలు దాన్ని చూసి నేర్చుకున్నారని చెప్పే ఆధారం లేదు, ఆ అవసరమూ లేదు. ఒకే నగరం, ఒకే పని సంస్కృతి రెండిటినీ పోషించింది.

వాస్తుశిల్పాన్ని, నగల పనిని, స్త్రీల చేతిని తెలిసి తెలిసి ఒకచోట చేర్చిన ప్రయత్నం కాబూల్‌లో జరిగింది. 2006లో, అప్పటి వేల్స్ యువరాజు చార్లెస్, అఫ్ఘాన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్‌ల చొరవతో టర్కాయిజ్ మౌంటెన్ అనే సంస్థ ఏర్పడింది. మొదట్లో దాన్ని నడిపినవాడు రోరీ స్టూవర్ట్. చెత్తకింద కూరుకుపోతున్న మురాద్ ఖానీ అనే పాత పేటలో ఇళ్లను పునరుద్ధరించడం, ఆ ఇళ్లకు కావలసిన చేతిపనులను నేర్పడం దాని ఉద్దేశం. కొయ్యపని, కుండపని, అక్షరకళతోపాటు నగల పని కూడా పాఠ్యంలో చేరింది. నగల విభాగంలో అఫ్ఘాన్ స్త్రీలు శిక్షణ పొందారు, బ్రిటన్ నగల రూపకర్త పిపా స్మాల్ వారితో కలిసి పనిచేశారు. సంస్థ పేరు ఘోరీ సుల్తానుల రాజధాని ఫిరోజ్‌కోహ్ నుంచి వచ్చింది. ఆ నగరానికి మిగిలిన ఘనమైన గుర్తు, 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన జామ్ మినారు. ఇక్కడ గమనించవలసింది పాఠశాల కూర్పు. కిటికీ జాలీ చెక్కే కుర్రవాడు, వెండి రేకును రంపంతో కోసే అమ్మాయి ఒకే సంప్రదాయపు నమూనాలను, ఒకే ప్రాంగణంలో నేర్చుకున్నారు. రేకుకు ముందు చిన్న రంధ్రం వేసి, అందులోంచి సన్నని రంపపు బ్లేడును దూర్చి, గీత వెంట కోసి, మిగిలిన అంచును ఆకురాయితో సరిచేసే పని, రాతి జాలీ తొలిచే పనికి చిన్న కొలతలో ప్రతిరూపం. మన కరీంనగర్ వెండి తీగపనిది దీనికి ఎదురు దారి. అక్కడ ఉన్నదాన్ని తొలచరు, సన్నని తీగలను మెలిపెట్టి, సందులను మిగిల్చి, జాలీని అల్లుతారు. రెండింటిలోనూ లోహం ఎంత ఉందో ఖాళీ అంత ముఖ్యం.

పశ్చిమ దేశాల పెద్ద నగల సంస్థలు ఈ సంపదను ఎప్పుడో గుర్తించాయి. బ్రిటిష్ వాస్తుశిల్పి ఓవెన్ జోన్స్ 1834లో స్పెయిన్‌లోని గ్రనాడాలో ముస్లిం పాలకులు కట్టిన అల్‌హంబ్రా కోటను చూసి, దాని నమూనాలను కొలిచి ప్రచురించాడు. 1856లో వచ్చిన అతని ద గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్ అలంకరణ కళాకారులకు పాఠ్యగ్రంథమైంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కార్టియే సంస్థ రూపకర్తలు ఇలాంటి పుస్తకాల నుంచి, లూయీ కార్టియే సేకరించిన ఇరాన్ కళాఖండాల నుంచి నేరుగా నమూనాలు తీసుకున్నారు. ఆ సంబంధాన్ని 2021లో పారిస్‌లోనూ, 2022లో డల్లాస్‌లోనూ జరిగిన ప్రదర్శన బహిరంగంగా చూపింది. వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ 1968లో విడుదల చేసిన నాలుగు రేకుల హారానికి ఆ గ్రనాడా కోట పేరే పెట్టింది. ఆ నగల పక్కన సంస్థ పేరు, కట్టడం పేరు ఉంటాయి. చేసిన మనిషి పేరు ఉండదు. సింగపూర్‌లో ఇటీవలి పరిస్థితి ఇంతకన్నా కాస్త మెరుగు. చూ యీలిన్ తన పేరుతోనే నడిపిన సంస్థలో పెరనాకన్ ఇళ్ల టైల్స్ నమూనాలను జేడ్ రాతి నగల్లోకి తెచ్చారు. ఆ ఇళ్లు ఇస్లామిక్ కట్టడాలు కావు. కానీ ఒక గోడ ఉపరితలాన్ని నగగా మార్చడమెలాగో సింగపూర్ స్త్రీ ఒకరు తన పేరు మీదుగా చేసి చూపిన దగ్గరి ఉదాహరణ అది. ఆ ఇళ్లకు అతికిన టైల్స్ చాలావరకు యూరప్, జపాన్ దేశాల నుంచి ఓడల్లో వచ్చినవి. ఇంగ్లండ్ టైల్స్ కంపెనీలకు ఓవెన్ జోన్స్ కూడా నమూనాలు గీశాడు. కనుక గ్రనాడా గోడ సింగపూర్ వరండా దాకా రావడానికి దారి మనం అనుకున్నంత దూరం కాదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. సింగపూర్ మసీదులు అసలు ఇస్లామిక్ వాస్తుశిల్పమేనా అన్నది మొదటిది. ఒకటి ఐరిష్ వాస్తుశిల్పి గీసింది, ఇంకొకటి చర్చి శిఖరాన్ని పోలింది, దర్గా కింది అంతస్తుకు యూరప్ స్తంభాలు. కానీ కలగలుపు లేని ఇస్లామిక్ వాస్తుశిల్పం ఎక్కడ ఉంది? డమాస్కస్ మసీదు చిత్తరువుల్లో బైజాంటియం చేయి కనిపిస్తుంది, దక్కన్ కట్టడాల్లో ఇరాన్, తెలుగు నేల రెండూ ఉన్నాయి. కట్టడం ఏ సంప్రదాయానికి చెందుతుందో నిర్ణయించేది నమూనా గీసినవాడి పుట్టుక కాదు, దాన్ని కోరుకున్న సమాజం, అందులో చేసే ఆరాధన. సీసాలు ఇచ్చిన పేదలు ఆ సంగతి ఎప్పుడో తేల్చేశారు. రెండో అభ్యంతరం మతభావనకు సంబంధించింది. ఆరాధనా స్థలపు అలంకరణను ఒంటి మీది సింగారంగా మార్చడం తగునా? ఇక్కడ ఒక విభజన అవసరం. దైవనామాలు, ప్రవక్తల పేర్లు రాసిన అక్షరాలను నగలో పెట్టడం చాలామంది ముస్లింలకు ఇబ్బంది, ఆ నగతో ఎక్కడికి వెళ్లవచ్చు, ఎక్కడ తీయాలి అన్న మర్యాదలు ఉంటాయి. అబ్దుల్ గఫూర్ మసీదు ముఖద్వారం నుంచి నగ చేసే వారు కిరణాల విభజనను తీసుకుని పేర్లను గోడ మీదే వదిలేయడం సరైన ఎంపిక. జ్యామితికి ఆ అడ్డు లేదు. అది మసీదు గోడ మీదా, మదరసా తలుపు మీదా, ఇంటి గిన్నె మీదా, గ్రంథపు అట్ట మీదా ఏనాటి నుంచో సమానంగా ఉంది.

మూడోది యంత్రం గురించి. లేజర్ కోత, కంప్యూటర్ గీత వచ్చాక ఎంత క్లిష్టమైన జాలీ అయినా నిమిషాల్లో రేకు మీద తెగుతుంది, అప్పుడు చేతిపనికి ఎక్కువ ధర ఎందుకు? చదునైన రేకు వరకు ఈ మాట నిజమే, ఆ పనిలో యంత్రం మనిషిని మించిందని ఒప్పుకోవాలి. కానీ రేకును వంచినప్పుడు నమూనా సాగుతుంది. రాళ్లు ఎప్పుడూ ఒకే కొలతలో రావు. లక్క ప్రతి ముద్దా ఒకే వేడికి ఒకేలా మెత్తబడదు. తేడాలున్న సామగ్రితో తేడా కనిపించని వరసను సాధించడం ఇప్పటికీ కంటి పని, చేతి పని. ధర న్యాయంగా ఉండాలంటే యంత్రం చేసిన భాగమేదో, చేయి చేసిన భాగమేదో అమ్మేవారు దాచకుండా చెప్పాలి. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం నాలుగోది. స్త్రీలు చేశారని చెప్పడం నగ గుణాన్ని ఏమాత్రం మార్చదు, అది జాలిని అమ్ముకునే పద్ధతి అంటారు. స్త్రీల వేళ్లు సున్నితమైనవి, వారికి ఓర్పు ఎక్కువ అనే మాటలతో ఈ నగలను అమ్మడం తప్పు. ఆ వేళ్లను పొదిగే పనికి పంపింది ప్రకృతి కాదు, కొలిమి దగ్గరికి రానివ్వని ఆచారం, ఇల్లు దాటనివ్వని బాధ్యతలు, ముక్కల లెక్కన చెల్లించే కూలి. ఆ అభ్యంతరంలో ఈ సగం సరైనదే. తక్కిన సగం సరికాదు. కార్ఖానా యజమాని పేరు, దుకాణం పేరు, నమూనా గీసినవారి పేరు నమోదవుతూ, పొదిగిన వారి పేరు మాత్రమే ఎక్కడా లేని చోట, స్త్రీలు చేశారని చెప్పడం చరిత్రలోని ఖాళీని పూరించడం. ఈ మాట చాలనప్పుడు చేయవలసింది దాన్ని తీసేయడం కాదు. దాని స్థానంలో మనిషి పేరు, చేసిన పని, దానికి ముట్టిన కూలి రాయడం.

ఇలాంటి నమోదు కొంతవరకు మొదలైంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే ఏడాది డిసెంబరులో సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, బ్రూనై, థాయిలాండ్ కలిసి పంపిన ప్రతిపాదన మీద కెబాయా యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేరింది. దానితోపాటు ఆ దుస్తుల అంచులు కలిపే పిన్నుల వైపు, ఆ దుస్తులపై కుట్టుపని, అల్లికల వైపు జనం చూపు మళ్లింది. ఈ రెండు గుర్తింపులకూ ఒకే పరిమితి ఉంది. భౌగోళిక గుర్తింపు ఒక ప్రాంతపు పేరును నకిలీల నుంచి కాపాడుతుంది, ఆ పేరు వాడుకునే హక్కును ఉత్పత్తిదారులకు ఇస్తుంది. అమూర్త వారసత్వ జాబితా ఒక సంప్రదాయాన్ని దేశాల ఉమ్మడి ఆస్తిగా చూపుతుంది. లాడ్ బజారులో అమ్మే 2-6 గాజు మీద 19 పడాల్సిన చోట 18 పూలను సర్దిన స్త్రీ ఎవరో వాటిలో ఏదీ చెప్పదు. అది చెప్పగలిగేవి దుకాణదారు రాసే బిల్లు, సహకార సంఘం ఉంచే చిట్టా, మ్యూజియం అద్దాల పెట్టె పక్కన అతికించే చీటీ. మూడింటిలోనూ కూలి వివరంతోపాటు పేరు రాయడానికి ఒక గడి చాలు. ఆ గడి పెట్టే నిర్ణయం సింగపూర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా కొనేవారు అడిగిన రోజున జరుగుతుంది.